ఒంటి మీద బెంగ తగ్గడానికి నేచరిజం: ఇంటి గది నుంచి జర్మనీ సౌనా, సరస్సు గట్టు దాకా ఒక్కో మెట్టు

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో వచ్చిన తెలుగువాళ్ళు, అందులోనూ అమ్మాయిలు, నన్ను తరచుగా అడిగేది ఒకటుంది. "ఇక్కడ సౌనాల్లో, అంటే ఆ వేడి గదుల్లో, అందరూ బట్టల్లేకుండా కూర్చుంటారట, మీరూ వెళ్తారట, నాకు అద్దంలో నన్ను నేను చూసుకోవాలంటేనే చిరాకు, నాలాంటిదానికి అది ఏమైనా పనికొస్తుందా అక్కా?" పనికొస్తుంది. కానీ వరస ముఖ్యం. ఏ సన్నాహం లేకుండా, ఎవరో ఫ్రెండ్స్ లాక్కెళ్ళారని వెళ్ళి కూర్చుంటే ఒళ్ళంతా బిగుసుకుపోయి, ఇంకెప్పుడూ అటు వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకుని తిరిగొస్తారు. అలా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేచరిజం అంటే ఇక్కడ నా ఉద్దేశం, శృంగారంతో ఏ సంబంధం లేకుండా, అనుమతి ఉన్న చోట, నలుగురి మధ్య బట్టల్లేకుండా మామూలుగా గడపడం. స్నానం, ఈత, ఎండలో పుస్తకం చదువుకోవడం, అంతే. జర్మన్లు దీన్ని ఫ్రైకోర్పర్‌కుల్టూర్ అంటారు, బోర్డుల మీద పొట్టిగా ఎఫ్‌కేకే అని ఉంటుంది. ఇది 18 నిండినవాళ్ళ కోసం రాసింది.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ముందే ఒక మాట. మీరు 1, 2, 3 భాగాలూ, ఆఖర్న 9వ భాగమూ చేయండి, మధ్యలోవి వదిలేయండి. మన దగ్గర బహిరంగంగా బట్టల్లేకుండా ఉంటే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. గోవా బీచ్ అయినా అంతే. నిజం చెప్పాలంటే ఇంట్లో చేసే ఈ సాధనతోనే సగం మార్పు వస్తుంది కాబట్టి మీరు నష్టపోయేదేమీ లేదు.

1. ముందు ఏం ఆశించాలో తేల్చుకోండి

చాలామంది "నా శరీరాన్ని నేను ప్రేమించాలి" అనే లక్ష్యంతో మొదలుపెడతారు. అంత పెద్దది వద్దు. చిన్నప్పటి నుంచి "ఏంటే ఇలా నల్లబడిపోయావ్", "బాగా ఒళ్ళు చేశావే", "పుల్లలా ఉన్నావ్, మీ అమ్మ తిండి పెట్టట్లేదా", "ఆ మొటిమలకి ఏదన్నా రాయొచ్చుగా" అని వింటూ పెరిగినవాళ్ళం. రెండు నెలల్లో అద్దం ముందు నిలబడి మురిసిపోవడం జరిగే పని కాదు, జరగకపోతే అదో కొత్త బాధ.

మీ లక్ష్యం ఇంత చాలు: రోజులో ఒంటి గురించి ఆలోచించే సమయం తగ్గాలి. పొట్ట లోపలికి లాక్కోకుండా కూర్చోగలగాలి. గ్రూప్ ఫొటో అనగానే ఎవరి వెనకో దాక్కునే అలవాటు పోవాలి.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే తర్వాతి మెట్లన్నీ సులువుగా అర్థమవుతాయి. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ యూనివర్సిటీకి చెందిన కియాన్ వెస్ట్ అనే సైకాలజిస్ట్ 2018లో ప్రచురించిన పరిశోధనలో 849 మంది బ్రిటన్‌వాసుల్ని అడిగి చూశారు. నేచరిస్ట్ కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొన్నవాళ్ళకి తమ శరీరం మీద మంచి అభిప్రాయం, ఆత్మగౌరవం, బతుకు మీద తృప్తి ఎక్కువగా కనిపించాయి. ఆ తర్వాత ఆయనే 51 మందితో ఇంకో ప్రయోగం చేశారు. లాటరీ తీసినట్టు వాళ్ళని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుని బట్టలతోనూ ఇంకో గుంపుని బట్టల్లేకుండానూ కాసేపు కలిసి గడపమన్నారు. బట్టల్లేని గుంపులో ఒంటి మీద మెచ్చుకోలు పెరిగింది. అందుకు కారణంగా తేలింది "నన్ను చూసి ఏమనుకుంటున్నారో" అనే టెన్షన్ తగ్గడమే. ఇవి చిన్న పరిశోధనలు, వచ్చినవాళ్ళు తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళు, కాబట్టి దీన్నొక మందుబిళ్ళలా చూడకండి. దారి మాత్రం సరైనదే.

నా అనుభవంలో అసలు పని చేసేది మనం ఇతరులకి కనిపించడం కాదు, ఇతరులు మనకి కనిపించడం. మనం ఇప్పటిదాకా చూసిన ఒళ్ళు ఎవరివి? సినిమా హీరోయిన్‌ది, జిమ్ ప్రకటనలోవాడిది, ఫోన్లో ఫిల్టర్ వేసుకున్నవాళ్ళది. డెబ్భై ఏళ్ళ ఆవిడ వీపు ఎలా ఉంటుందో, సిజేరియన్ కోత పదేళ్ళకి ఏ రంగుకి మారుతుందో, క్యాన్సర్‌కి ఒక రొమ్ము తీసేసిన మనిషి ఎంత నిశ్చింతగా కాఫీ తాగుతుందో మనం చూసి ఉండం. ఒక్క మధ్యాహ్నం అవన్నీ చూస్తే మన మనసులోని కొలత మారిపోతుంది. మన తొడల మీది చారలు లోపం నుంచి మామూలు విషయంలోకి జారిపోతాయి.

2. ఇప్పుడే మొదలుపెట్టకూడనివాళ్ళు

ఈ భాగాన్ని దయచేసి దాటేయకండి. కింద వాటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి, ఇది తర్వాత.

□ లావవుతామనే భయంతో తిండి మానేయడం, తిన్నది కావాలని కక్కేయడం
□ ముక్కో, జుట్టో, చర్మమో, ఒకే లోపం గురించి రోజూ గంటలు గంటలు అద్దం ముందు గడపడం
□ గతంలో లైంగిక వేధింపో దాడో జరిగి ఉండి, బట్టలు మార్చుకునేటప్పుడు ఇప్పటికీ వణుకు రావడం
□ బతకాలనిపించడం లేదనే ఆలోచనలు

ఇండియాలో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416, తెలుగులో కూడా మాట్లాడతారు. జర్మనీలో 116117కి చేస్తే సైకోథెరపీ మొదటి అపాయింట్‌మెంట్‌కి దారి చూపిస్తారు.

ఇంకొకటి, "నువ్వు రావాల్సిందే" అని భర్తో, భార్యో, బాయ్‌ఫ్రెండో పట్టుబడుతుంటే కూడా వద్దు. ఇంకొకరి కోసం బట్టలు విప్పితే నమ్మకం పెరగదు, కోపం పెరుగుతుంది.

3. ఇంట్లో చేయాల్సిన పని

మూడు వారాలు అనుకోండి. ఒకో వారం ఇంకో వారానికి సాగినా పర్వాలేదు.

మొదటి వారం: బట్టల్లేకుండా మామూలు పనులు. మనలో చాలామంది స్నానాల గదిలోంచే పూర్తిగా బట్టలు తొడుక్కుని బయటికి వస్తాం, ఒళ్ళు గాలికి తగిలేది రోజుకి రెండు నిమిషాలు కూడా ఉండదు. ఈ వారం స్నానం అయ్యాక గది తలుపు గడియ పెట్టి, కర్టెన్ వేసి, ఫోన్ ఇంకో గదిలో పెట్టి, పది నిమిషాలు అలాగే ఉండండి. బట్టలు మడతపెట్టుకోండి, షెల్ఫ్ సర్దుకోండి, రేడియో వినండి. అద్దం వైపు వెళ్ళొద్దు. ఒంటిని గమనించాల్సిన పని లేదు, మిగతా పనులు చేసుకుంటున్నప్పుడు అది అక్కడే ఉందని అలవాటు పడడమే ఈ వారం పని. షేరింగ్ ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళు రూమ్మేట్స్ లేని సమయం చూసుకోండి, లేకపోతే ఎప్పుడు తలుపు కొడతారో అనే కంగారుతోనే పది నిమిషాలు అయిపోతాయి.

రెండో వారం: తలంటు. దీన్ని నేను చాలా గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఇది మనకి పుట్టినప్పటి నుంచి తెలిసిన పని. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసుకుని అరికాళ్ళ నుంచి పైకి, తొందర లేకుండా, ఒళ్ళంతా పట్టించండి. మీకు నచ్చని చోటు ఒకటుంటుంది కదా, పొట్టో, పిరుదులో, భుజాల మీది మచ్చలో, అక్కడ చేయి వేగం పెరగకూడదు. మోకాలికి ఎంత సేపు రాశారో దానికీ అంతే సేపు. తర్వాత సున్నిపిండితో రుద్దుకుని స్నానం. చిన్నప్పుడు అమ్మమ్మ మనకి నలుగు పెట్టేటప్పుడు ఏ భాగం బాగుంది, ఏది బాలేదు అని చూసిందా? పాదమూ ఒకటే, పొట్టా ఒకటే. ఆ చేయి ఇప్పుడు మీది కావాలి. స్నానం చేసేటప్పుడు నేల జారుతుంది, జాగ్రత్త.

మూడో వారం: అద్దం. నిలువుటద్దం ముందు కనీసం ఐదు నిమిషాలు. మొదలుపెట్టే ముందు మీ టెన్షన్‌కి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయండి. తర్వాత తల నుంచి పాదాల దాకా కనిపించేది కనిపించినట్టు, పైకి వినపడేలా, తెలుగులో చెప్పండి. "ఎడమ మోకాలి కింద పాత దెబ్బ మచ్చ. పొట్ట మీద అడ్డంగా మూడు మడతలు. చంకల దగ్గర రంగు కొంచెం ముదురు." అసహ్యం, లావు, దరిద్రం లాంటి మాటలు వాడకూడదు. "బాగుంది" కూడా వాడకూడదు, అదీ తీర్పే. అంకె కనీసం రెండు తగ్గేదాకా అద్దం ముందు నుంచి కదలొద్దు. ఎనిమిది దగ్గర ఉండగానే పారిపోతే, పారిపోవడం వల్లే బతికిపోయానని మనసు నేర్చుకుంటుంది, రేపు ఇంకా కష్టమవుతుంది. ఎంతసేపటికీ తగ్గకపోతే ఆ రోజుకి నడుము పై భాగం వరకే చూసుకుని, మిగతాది మర్నాడు.

తర్వాతి మెట్టుకి సిద్ధమేనా?

□ గదిలో పది నిమిషాలు బట్టల్లేకుండా ఉన్నప్పుడు వేరే విషయాలు ఆలోచించగలుగుతున్నాను
□ అద్దం ముందు నా అంకె ఐదుకి దిగింది
□ వెళ్ళాలనేది నా నిర్ణయం, ఎవరి ఒత్తిడీ లేదు

మూడింట్లో ఒక్కదానికి టిక్ పడకపోయినా ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉండండి.

4. చోటు ఎంచుకోవడం

జర్మనీలో ఒక సౌకర్యం ఉంది. నేచరిస్టులు అని చెప్పుకోని వాళ్ళు కూడా, బ్యాంకు ఉద్యోగులూ టీచర్లూ ముసలివాళ్ళూ అందరూ సౌనాకి బట్టల్లేకుండానే వెళ్తారు. అందుకే మొదటి అడుగు అక్కడే వేయమంటాను.

వెబ్‌సైట్‌లో ఈ మాటలు వెతకండి. టెక్స్‌టీల్‌ఫ్రై అంటే బట్టలు, ఈత దుస్తులు కూడా కుదరవు. టెక్స్‌టీల్‌సౌనా అంటే ఈత దుస్తులతో వెళ్ళేది. డామెన్‌సౌనా, డామెన్‌టాగ్ అంటే ఆడవాళ్ళకి మాత్రమే. చాలా ఊళ్ళలో మున్సిపాలిటీ ఈతకొలను పక్కనే సౌనా ఉంటుంది, వారంలో ఒక రోజు డామెన్‌టాగ్ పెడతారు, టికెట్ కూడా పెద్ద థర్మ్‌ల (వేడినీటి స్నానాల కేంద్రాల) కంటే బాగా తక్కువ. ఆడవాళ్ళకి నా సలహా, మొదటిసారి అక్కడికే వెళ్ళండి. మగవాళ్ళయితే రద్దీ లేని వారం మధ్య రోజున మధ్యాహ్నం వెళ్ళండి. మ్యూనిక్ దగ్గరి ఎర్డింగ్ థర్మ్, బెర్లిన్‌లోని వబాలీ లాంటి పెద్ద చోట్లు రెండో మూడో సారికి బాగుంటాయి. శని, ఆదివారాల్లో వాటిలో జనం ఎక్కువ, కొత్తవాళ్ళకి ఊపిరాడదు.

ఇప్పుడు చాలా ముఖ్యమైన హెచ్చరిక. జర్మనీలో "ఎఫ్‌కేకే క్లబ్" అనీ "సౌనా క్లబ్" అనీ పేరు పెట్టుకుని ప్రకటనలు ఇచ్చేవాటిలో చాలావరకు వేశ్యాగృహాలు. పేరు చూసి మోసపోకండి. నిజమైన నేచరిస్ట్ సంఘాలు "ఫెరైన్" అని రాసుకుంటాయి, వాటిలో చాలా వాటికి డీఎఫ్‌కే అనే జాతీయ సమాఖ్యలో సభ్యత్వం ఉంటుంది. అలాగే వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో "నేచరిస్ట్ గ్రూప్, చేరాలంటే ఫొటో పంపండి" అంటే వెంటనే బ్లాక్ చేయండి. ఫొటో అడిగేవాళ్ళు ఎవరైనా సరే నేచరిస్టులు కారు. ఇండియాలో ఇలా బ్లాక్‌మెయిల్ ఎదురైతే డబ్బు కట్టకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

జర్మనీ బయట ఉన్నవాళ్ళకి: న్యూజెర్సీ తెలుగువాళ్ళకి శాండీ హుక్‌లో గన్నిసన్ బీచ్ ఉంది, ఫ్లోరిడాలో హాలోవర్ బీచ్‌లో ఒక భాగం, టొరంటోలో హాన్లన్స్ పాయింట్, వాంకూవర్‌లో రెక్ బీచ్. బ్రిటన్‌లో బ్రిటిష్ నేచురిజం అనే సంస్థ ఈత కార్యక్రమాలు పెడుతుంది, ఒంటరిగా బీచ్‌కి వెళ్ళడం కంటే అవి నయం. అమెరికాలో చట్టం రాష్ట్రానికో తీరు, బోర్డు ఉన్న హద్దు దాటొద్దు.

5. బ్యాగు, నగలు, ఒళ్ళు

□ పెద్ద తువ్వాళ్ళు రెండు. ఒకటి సౌనాలో పరుచుకోవడానికి, తల నుంచి పాదం దాకా వచ్చేంత పొడవు ఉండాలి. ఇంకోటి తుడుచుకోవడానికి
□ బాత్‌రోబ్. గదికీ గదికీ మధ్య నడిచేటప్పుడు అందరూ వేసుకునే తిరుగుతారు, ఇది చూశాక సగం భయం పోతుంది
□ రబ్బరు చెప్పులు, సబ్బు, నీళ్ళ సీసా
□ కళ్ళజోడు పెట్టుకోవడానికి డబ్బా

నగల విషయం మనవాళ్ళకి ఎవరూ చెప్పరు. ఫిన్నిష్ సౌనాలో 80, 90 డిగ్రీల వేడి ఉంటుంది, అందులో బంగారం, వెండి కాలిపోయేంత వేడెక్కి చర్మానికి చురక పెడతాయి. గొలుసు, గాజులు, వెండి మొలతాడు, మెట్టెలు, లోహపు ఫ్రేమ్ కళ్ళజోడు అన్నీ తీసి లాకర్‌లో పెట్టాలి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్ళు ఆ గంటకి పసుపు తాడు మాత్రమే ఉంచుకుని బిళ్ళలు లాకర్‌లో భద్రపరుచుకుంటారు, అలా చేసేవాళ్ళు నాకు తెలుసు. అదీ వద్దనుకుంటే ఫిన్నిష్ సౌనా మానేసి వేడి తక్కువ ఉన్న 55, 60 డిగ్రీల బయో సౌనాలో, మెడ కింద తడి గుడ్డ వేసుకుని కాసేపే కూర్చోండి.

షేవింగ్, వ్యాక్సింగ్ అక్కర్లేదు. ముందు రోజు హడావుడిగా చేసుకుంటే వేడికి మంట పుడుతుంది. పైగా ఎందుకు వెళ్తున్నామో ఆ కారణానికే అది అడ్డం.

కడుపు నిండా తిని వెళ్ళొద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. మద్యం అసలు వద్దు. బీపీ, గుండె జబ్బు, గర్భం ఉంటే డాక్టర్‌ని అడిగాకే. నెలసరి రోజుల్లో కప్పో ట్యాంపనో వాడేవాళ్ళు వెళ్ళొచ్చు, అలవాటు లేనివాళ్ళు వారం ఆగండి.

6. మొదటి రోజు, వరసగా

ఒకటి. బట్టలు మార్చుకునే చోటే మొదటి పరీక్ష. చాలా చోట్ల క్యాబిన్లు ఉంటాయి, అందులోకి వెళ్ళి బట్టలు తీసి బాత్‌రోబ్ వేసుకుని బయటికి రండి. ఫోన్ లాకర్‌లోనే. సౌనా విభాగంలోకి ఫోన్ తేకూడదు, ఎవరి చేతిలోనైనా కనిపిస్తే సిబ్బందికి చెప్పండి, వాళ్ళు దీన్ని చాలా తీవ్రంగా తీసుకుంటారు.

రెండు. వెంటనే సౌనాలోకి వెళ్ళకుండా బాత్‌రోబ్‌తోనే పావుగంట చుట్టూ తిరగండి. ఎక్కడ ఏముందో, బయటికి దారి ఎటో, విశ్రాంతి కుర్చీలు ఎక్కడో చూసుకోండి. ఈ పావుగంటలోనే చాలామంది కంటపడతారు. బిగుతుగా ఉన్న భుజాలు ఇక్కడే కొంచెం జారతాయి.

మూడు. షవర్. సబ్బుతో స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా తుడుచుకోవాలి. ఇది నియమం, మర్యాద కూడా. నలుగురి ముందు బట్టల్లేకుండా మీరు చేసే మొదటి పని స్నానం అవుతుంది, ఎవరికీ తెలియని పని కాదు కాబట్టి ఇదే సులువు.

నాలుగు. బయో సౌనాతో మొదలుపెట్టండి. చెప్పులు బయట వదిలి, తలుపు త్వరగా మూసి, కింది మెట్టు మీద తువ్వాలు పరిచి కూర్చోండి. పాదాలు కూడా తువ్వాలు మీదే, చెక్క మీద చెమట చుక్క పడకూడదు. లోపలికి వెళ్ళేటప్పుడు "హలో" అంటే చాలు, తర్వాత మాట్లాడరు.

ఐదు. చూపు ఎక్కడ పెట్టాలి? అందరూ అడిగేది ఇదే. ఎదురుపడితే ముఖం చూడండి, తర్వాత కిటికీ వైపో గడియారం వైపో. చూపు యథాలాపంగా ఒకరి మీద పడి దాటిపోతే తప్పు లేదు. ఆగితే తప్పు. నేల చూపులు చూస్తూ కూర్చోవద్దు, పైన చెప్పాను కదా, చుట్టూ ఉన్న మామూలు ఒళ్ళు మీ కంటపడడమే ఇక్కడి పాఠం.

ఆరు. ఎనిమిది, పది నిమిషాలకి బయటికి రండి. తల తిరుగుతున్నట్టు ఉంటే ఇంకా ముందే. మొదట బయటి గాలి, తర్వాత చల్లనీళ్ళు, ఆ తర్వాత బాత్‌రోబ్ చుట్టుకుని పావుగంట పడుకోండి, నీళ్ళు తాగండి. అంతా కలిపి రెండు విడతలు చాలు. ఔఫ్‌గుస్ అని రాళ్ళ మీద నీళ్ళు పోసి తువ్వాలుతో వేడిగాలి విసిరే కార్యక్రమం ఉంటుంది, మధ్యలో లేచి వస్తే అందరి చూపూ పడుతుందని కొత్తవాళ్ళకి భయం, అందుకని అది ఇంకోసారికి ఉంచుకోండి. ఎప్పుడు వెళ్ళినా సరే, భరించలేకపోతే మాత్రం మొహమాటపడకుండా లేచి వచ్చేయండి.

ఏడు. ఇంటికి వెళ్ళాక రెండు వాక్యాలు రాసుకోండి: ఏ క్షణంలో టెన్షన్ ఎక్కువగా ఉంది, ఏ క్షణంలో ఒంటి సంగతి మర్చిపోయాను. రెండోదానికి జవాబు దొరికితే మీ మొదటి రోజు బ్రహ్మాండంగా జరిగినట్టే.

7. తర్వాత సరస్సు గట్టు

సౌనాలో మసక వెలుతురు, వేడి, ఆవిరి మనకి సాయం చేస్తాయి. పట్టపగలు గడ్డి మీద అవేమీ ఉండవు, అందుకే ఇది తర్వాతి మెట్టు. మ్యూనిక్‌లో ఇంగ్లీషర్ గార్టెన్‌లోని షోన్‌ఫెల్డ్‌వీజే, ఫెల్డ్‌మోహింగర్ సరస్సు దగ్గర ఒక భాగం, బెర్లిన్‌లో వాన్‌జే స్నానపు తీరంలో ఎఫ్‌కేకే భాగం, లైప్‌జిగ్ దగ్గర కోస్పుడెన్ సరస్సు, బాల్టిక్ తీరంలో వార్నెముండె, ఇవన్నీ బాగా తెలిసినవే. మ్యూనిక్ నగరం 2014లో ఆరు చోట్లని అధికారికంగా ఇందుకు కేటాయించింది.

బట్టలతో వెళ్ళి, తువ్వాలు పరుచుకుని, కాసేపు అలాగే కూర్చోండి. పక్కవాళ్ళకి కొన్ని మీటర్ల దూరం వదలండి. మొదట పైబట్ట తీసి పుస్తకం చదువుకోండి. మిగతావి నీళ్ళలోకి దిగే ముందు. నీళ్ళలోంచి బయటికి నడిచి రావడమే అన్నిటికంటే కష్టమైన నిమిషం అని చాలామంది చెప్తారు, కాబట్టి తువ్వాలు నీళ్ళ అంచుకి దగ్గరగా పెట్టుకోండి, తర్వాతిసారి కొంచెం దూరంగా. ఐస్‌క్రీం కొనుక్కోవడానికి వెళ్ళేటప్పుడు బట్టలు వేసుకోవాలి.

మన చర్మం ముదురు రంగుదని సన్‌స్క్రీన్ మానకండి. ఎప్పుడూ ఎండ తగలని చోట్లు ముందు కమిలిపోతాయి. ఎస్‌పీఎఫ్ 30 గానీ 50 గానీ, రెండు గంటలకోసారి, ఈత కొట్టాక మళ్ళీ. గడ్డి మీద కూర్చున్నారు కాబట్టి ఇంటికి రాగానే చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనక పేలులాంటి చిన్న పురుగులు, ఇక్కడివాళ్ళు త్సెకె అంటారు, అంటుకున్నాయేమో వెతకండి. దక్షిణ జర్మనీలో వాటి వల్ల మెదడువాపు జబ్బు రావచ్చు, దానికి టీకా ఉంది, మీ డాక్టర్‌ని అడగండి.

8. ఎక్కువమంది చేసే పొరపాట్లు, వాటికి దారి

పోల్చుకోవడం. "ఆమె నాకంటే సన్నగా ఉంది" అని లెక్క మొదలవుతుంది, అది సహజం. ఆపడానికి పోరాడొద్దు. ఆ మనిషి ఏం చేస్తోందో చూడండి: నీళ్ళు తాగుతోంది, నిద్రపోతోంది, మొగుడితో పోట్లాడుతోంది. మనిషి కనిపించగానే కొలత ఆగిపోతుంది.

తువ్వాలు వదలకపోవడం. మొదటి రోజు పర్వాలేదు. ప్రతిసారీ చుట్టుకునే ఉంటే సిగ్గు అక్కడే ఉండిపోతుంది. నడిచేటప్పుడు చుట్టుకోండి, కూర్చున్నప్పుడు వదిలేయండి. తర్వాత నడిచేటప్పుడూ చేతిలో పట్టుకోండి.

గుంపుగా వెళ్ళి తెలుగులో కామెంట్లు చేయడం. "ఎవరికి అర్థమవుతుందిలే" అనుకుంటారు. నవ్వు ఏ భాషలోనైనా అర్థమవుతుంది. ఇంకొకరి పొట్ట మీద మీరు వేసిన జోకు తిరిగి మీ పొట్ట మీదికే వస్తుంది, ఎందుకంటే ఇప్పుడు మీరు కూడా అలాంటి చూపుకి భయపడతారు. ఒక్కరే వెళ్ళండి, లేదా నోరు అదుపులో ఉన్న ఒక్క స్నేహితురాలితో.

మగవాళ్ళ భయం. ఒంట్లో ఉద్రేకం కనిపిస్తే ఎలా అని నిద్ర మానుకుంటారు. కొత్త చోటు, టెన్షన్, వేడి మధ్య అది చాలా అరుదు. వస్తే తువ్వాలు కప్పుకోండి, బోర్లా పడుకోండి, చల్లనీళ్ళలోకి వెళ్ళండి. ఎవరికీ చెప్పక్కర్లేదు, క్షమాపణ అక్కర్లేదు, దాన్ని ఇతరులకి కనిపించేలా వదిలేయడం మాత్రం తప్పు.

ఎవరైనా గుడ్లప్పగించి చూస్తుంటే. ఇది ఆడవాళ్ళకి ఎదురవుతుంది, లేదని నేను చెప్పను. లేచి వేరే చోటికి మారండి. వెంట వస్తే సిబ్బందికి చెప్పండి, సరస్సు దగ్గరైతే గట్టిగా అడగండి, చుట్టుపక్కలవాళ్ళు మీ పక్షానే నిలబడతారు. ఆ రోజు మీరు ఇంటికి వెళ్ళిపోయినా ఓడిపోయినట్టు కాదు.

తెలిసినవాళ్ళు ఎదురైతే. ఆఫీసులో పనిచేసే తెలుగాయన ఎదురుపడ్డాడనుకోండి, తలూపి దాటిపోవాలి, సోమవారం దాని ఊసెత్తకూడదు. ఆ రిస్క్ వద్దనుకుంటే పక్క ఊరి సౌనాకి రైలెక్కండి, జర్మనీలో చాలా ఊళ్ళలో ఒకటి ఉంటుంది.

ఇంట్లో చెప్పాలా? ఊళ్ళో అమ్మానాన్నలకి చెప్పి తీరాలని ఏమీ లేదు. భార్యాభర్తల మధ్య మాత్రం దాచొద్దు. ఒకరికి ఇష్టం, ఒకరికి కాదు అంటే డామెన్‌టాగ్ లాంటి మధ్యే మార్గంతో మొదలుపెట్టుకోండి.

9. బట్టలు వేసుకున్న జీవితంలోకి తేవాలి

ఇక్కడ ఆగిపోతే సౌనాలో మాత్రమే ధైర్యం ఉన్న మనిషవుతారు. అందుకని వారానికి ఒక్క పని చొప్పున బయటికి తేవాలి. ఇండియాలో ఉన్నవాళ్ళు మూడో భాగం తర్వాత నేరుగా ఇక్కడికే రండి.

□ వేసవిలో కూడా పొడుగు చేతులే వేసుకునే అలవాటుంటే ఒక రోజు పొట్టి చేతుల చొక్కా, తర్వాత స్లీవ్‌లెస్
□ ట్రయల్ రూమ్‌లో సైజు అంకె చూడకుండా, కూర్చుని లేచి చూసి, సౌకర్యంగా ఉన్నదే కొనడం
□ గ్రూప్ ఫొటోలో ముందు వరస, తీసిన తర్వాత జూమ్ చేయకపోవడం
□ ఈతకొలను. మీకు నచ్చిన ఈత దుస్తులు, ఒళ్ళంతా కప్పేవైనా సరే
□ ఫోన్లో చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనిపించే ఖాతాల్ని అన్‌ఫాలో చేయడం

పెళ్ళిళ్ళలో చుట్టాల మాటలకి ముందే జవాబు తయారు చేసుకోండి, అప్పటికప్పుడు రాదు. "ఏంటమ్మా ఇంత లావయ్యావ్" అంటే "అవును పిన్నీ, నువ్వెలా ఉన్నావ్, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" చాలు. వాదన లేదు, సంజాయిషీ లేదు. రెండోసారి కూడా అంటే "పిన్నీ, నా ఒంటి గురించి వద్దు, ఇంకేమైనా మాట్లాడుకుందాం" అని మెల్లగా, ఆవిడ కళ్ళలోకి చూస్తూ అనండి. పిల్లల ముందు మీరు మీ ఒంటిని తిట్టుకోవడం కూడా ఈ వారం నుంచే మానేయండి, వాళ్ళు నేర్చుకునేది అక్కడే.

ఆదివారం ఆదివారం మూడు ప్రశ్నలకి సున్నా నుంచి పది దాకా అంకెలు రాసుకోండి. ఈ వారం ఒంటి గురించి ఎంతగా ఆలోచించాను? ఒంటి వల్ల ఎన్ని పనులు వాయిదా వేశాను? ఎవరైనా చూస్తున్నారంటే ఎంత టెన్షన్ పడ్డాను? మొదలుపెట్టకముందు ఒకసారి వేసి పెట్టుకుంటే పోల్చడానికి ఉంటుంది. అంకెలు పైకీ కిందికీ ఊగుతాయి, అందులోనూ పెళ్ళిళ్ళ సీజన్‌లో, ఒక్క వారం చూసి కంగారు పడొద్దు. రెండు నెలల తర్వాత కూడా మూడూ అలాగే ఉంటే, లేదా పెరిగితే, సౌనాల సంఖ్య పెంచకండి. అక్కడితో ఆపి, ఆ అంకెలు రాసుకున్న కాగితమే పట్టుకుని ఒక సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి, వాళ్ళకి అంతకంటే మంచి ఆధారం దొరకదు.